కుబేరుడి కూతురి ఫీజు

పటాలు కట్టే షాపాయనకి "లేదు" అనే మాట నోరు తిరగదు. ఆ మాట అనాల్సిన చోటుకి రాగానే ఆయన నాలుక పక్కసందులోకి మళ్ళి, ఏదో ఒక గొప్పతో బయటికొస్తుంది. షాపుకి మనిషి రాని రోజున "ఇవాళ విశ్రాంతి పెట్టుకున్నా" అంటాడు. చెప్పు అడుగున చిల్లు పడితే "పాదానికి గాలాడాలని డాక్టర్లే చెప్తున్నారు" అంటాడు. ఇల్లు కారుతుంటే "ఊళ్ళో అందరికీ నీళ్ళు కుళాయిలోంచి వస్తాయి, మాకు నేరుగా పైనుంచే" అంటాడు. అందుకని వీధి వీధంతా కలిసి ఆయనకి కుబేరుడని పేరు పెట్టింది. అది ఎగతాళి అని ఆయన అనుకోలేదు. అనుకున్నా బయటపడలేదు.

ఆ కుబేరుడి రాజ్యం ఒక మేడమెట్ల కింద ఇరుకు గది. గాజు కోసే బల్ల, గోడకి ఆనించిన చెక్క బద్దలు, మూత ఊడిన జిగురు డబ్బా, పగలు కూడా వెలిగించుకోవాల్సిన దీపం. ఒకప్పుడు పెళ్ళిళ్ళ ఫొటోలు, పసిపిల్లల ఫొటోలు, పట్టాలు పుచ్చుకుంటున్న ఫొటోలు వచ్చేవి. ఫోన్లు వచ్చాక బతికున్నవాళ్ళంతా వాటిల్లోనే కాపురం పెట్టేశారు. పోయినవాళ్ళు మాత్రమే పటాల్లోకి వస్తున్నారు. వాళ్ళలోనూ కొందరికి పటం కట్టమని చెప్పి వెళ్ళిన బంధువులు మళ్ళీ తిరిగి చూడరు. ఆ ముఖాలన్నీ గోడ నిండా వరసగా వేలాడుతూ, బేరం లేని షాపుని దిగులుగా చూస్తూ ఉంటాయి. కూతురు అన్నం క్యారేజీ తెచ్చినప్పుడల్లా ఆయన గోడకేసి చెయ్యి చూపించి, "చూశావా, మన షాపులో ఎప్పుడూ జనమే" అంటాడు. ఆ పిల్లకి నవ్వు రాదు. క్యారేజీ బల్ల మీద పెట్టి వచ్చేస్తుంది.

ఆ పిల్లకి తండ్రి అంటే ప్రేమ లేక కాదు. ఆ గొప్పల కింద నలిగి నలిగి విసుగు పుట్టింది. ఉన్నవి రెండు గదులు, ఉండేది ఆరుగురు. తండ్రి, తల్లి, తను, మేనత్త, ఇంకా చదువుకుంటున్న ఆమె ఇద్దరు కొడుకులు. భర్త పోయాక మేనత్త ఒక వానరోజున రేకు పెట్టెతో, ఇద్దరు పసివాళ్ళతో వచ్చి గుమ్మంలోనే ఆ పెట్టె మీద కూర్చుని, నాలుగు రోజులుండి పోతానందట. అప్పుడు పిల్ల నడక నేర్చుకుంటున్న వయసులో ఉంది. కుబేరుడు చెల్లెల్ని చూసి, "నాలుగు రోజులేమిటి? ఇంత ఇంట్లో మేం ముగ్గురం బిక్కుబిక్కుమంటూ పడి ఉన్నాం. రాత్రిళ్ళు భయమేస్తోంది కూడా" అన్నాడట. ఇంత ఇంట్లో ఆ భయం ఎక్కడ పట్టిందో తనకి ఇప్పటికీ అర్థం కాలేదని తల్లి అంటుంది.

ఆ నాలుగు రోజులు అలా సాగుతూ ఉండగానే పిల్ల పెద్దదైంది. పశువైద్య కళాశాలలో సీటు వచ్చింది. కుబేరుడు ఆ కబురు వీధిలో ప్రతి గడపకీ మోసుకెళ్ళి, ఇక తాము ఏనుగుని కొన్నా ఫరవాలేదనీ ఇంట్లోనే డాక్టరుందనీ చెప్పుకున్నాడు. ఏనుగు సంగతి అలా ఉంచి, ఫీజు సంగతి ఏమిటని పిల్ల అడిగితే మాత్రం, జిగురు ఆరిపోతోందంటూ డబ్బా మీద మూత వెతికాడు.

కళాశాలలో ఫీజు సహాయం చేసే విభాగం ఒకటుంది. ఇంటి ఆదాయాన్ని ఇంట్లో మనుషుల లెక్కన భాగించి, తలకి వచ్చేది వాళ్ళు పెట్టుకున్న గీత కంటే తక్కువైతే ఫీజు వాళ్ళే కడతారు. అందుకు తండ్రిని గానీ తల్లిని గానీ వెంటబెట్టుకుని వెళ్ళి, అధికారికి ఇంటి సంగతులు విన్నవించుకోవాలి. తల్లి ఏమో కొత్తవాళ్ళ ముందు గొంతు పెగలని మనిషి. ఇక మిగిలింది కుబేరుడు.

పిల్ల ఆయనకి షాపులోనే తర్ఫీదు మొదలుపెట్టింది. తను ముక్కాలిపీట మీద అధికారిలా కూర్చుని, మీ ఇంట్లో ఇబ్బందులేమిటో చెప్పమంది. ఆయన చాలాసేపు ఆలోచించాడు. నుదుట చెమట పట్టింది.

"దోమలు" అన్నాడు చివరికి.

"డబ్బు ఇబ్బంది నాన్నా."

"డబ్బా? అది మనల్ని ఎప్పుడూ ఇబ్బంది పెట్టలేదే."

పిల్ల తల పట్టుకుంది. ఒక్క పూట, ఒకే ఒక్క పూట లేనివాడిలా ఉండమని బతిమాలింది. ఆయన గోడ మీది ముఖాలకేసి ఒకసారి చూసి, గొంతు తగ్గించి, "నటన నా వల్ల కాదే తల్లీ" అన్నాడు.

వెళ్ళిన రోజున సన్నగా వాన పడుతోంది. ఆ ఆఫీసు వరండా గోడలు చెమ్మ పట్టి పెచ్చులూడుతున్నాయి. బెంచీల నిండా తల్లిదండ్రులు, పక్కన తలలు వంచుకున్న పిల్లలు. ఎవరూ ఎవరి ముఖమూ చూడటం లేదు. అందరూ తమ బీదతనాన్ని పక్కవాడి బీదతనంతో తూచి చూసుకుంటున్నట్టుంది. తండ్రీకూతుళ్ళ పక్కన ఒక కలప వ్యాపారి కూర్చున్నాడు. ఇస్త్రీ చొక్కా, మెరుస్తున్న బూట్లు. వ్యాపారంలో వరసగా నష్టాలొచ్చాయనీ, కొడుకుని చదివించే దారి కనబడటం లేదనీ చెప్తుంటే గొంతు వణికింది. ఆయన తన కారుని వెనకవీధిలో నిలపడం పిల్ల వస్తూ వస్తూ చూసింది. ఆ సంగతి తండ్రి చెవిలో వేసేలోపే కుబేరుడు కరిగిపోయాడు. వ్యాపారి భుజం తట్టాడు, కష్టాలు కలకాలం ఉండవన్నాడు, మాకేం తొందరలేదు మీరు ముందు వెళ్ళండని తమ వంతు ఆయనకి ఇచ్చేశాడు. వ్యాపారి కళ్ళు తుడుచుకుంటూ లోపలికెళ్ళి, సహాయం ఖాయం చేసుకుని, కళ్ళు తుడుచుకోవడం మర్చిపోయి బయటికొచ్చాడు.

లోపల అధికారిణి జలుబుతో ముక్కు చీదుకుంటూ కూర్చుని ఉంది. పొద్దుటి నుంచి కష్టాలు విని విని ఆమె ముఖం కూడా ఆ గోడల్లాగే చెమ్మగిల్లింది. వ్యాపారం ఎలా ఉందని అడిగింది.

"దివ్యంగా ఉందండి" అన్నాడు కుబేరుడు. "జనం పోతూనే ఉన్నారు."

ఆమె చేతిరుమాలు ముఖానికి అడ్డం పెట్టుకుంది. అది జలుబుకో నవ్వుకో తెలియలేదు. షాపు ఆదాయం చూసి, ఇందులో ఇల్లెలా గడుస్తోందని అడిగితే, గడవటమేమిటి, పరిగెడుతోందన్నాడు. పిల్ల బల్ల కింద కాలితో తండ్రి పాదం నొక్కింది. ఆ చెప్పు చిల్లులోంచి పాదం చల్లటి నేలకి తగిలి సైగ గట్టిగానే అందింది. ఆయన నోరు మూశాడు.

అప్పుడు అధికారిణి ఈ ఆదాయం మీద ఎంతమంది బతుకుతున్నారని అడిగింది.

"ముగ్గురం" అన్నాడు ఆయన.

పిల్ల ఉలిక్కిపడి, కాదు మేడం, ఆరుగురం అంది. మేనత్త, ఇద్దరు పిల్లలు కూడా ఉన్నారని చెప్పింది. అధికారిణి మళ్ళీ ఆయనకేసి చూసింది. ముగ్గురైతే గీత దాటిపోతారనీ, ఆరుగురైతే గీతకి చాలా కిందే ఉంటారనీ, తేడా అంతా ఈ ఒక్క మాటలోనే ఉందనీ విడమర్చి చెప్పింది. ఇంట్లో ఆధారపడిన పెద్దవాళ్ళుంటే వాళ్ళే స్వయంగా వచ్చి, ఫలానావారి మీద ఆధారపడి ఉన్నామని నోటితో చెప్పి సంతకం చెయ్యాలట.

"మా చెల్లెలు మా మీద ఆధారపడలేదండి" అన్నాడు కుబేరుడు. "దాని ఇంట్లో అది ఉంది."

"చూడండి, ఇందాక వెళ్ళినాయన మాటలు నేనూ నమ్మలేదు. కానీ కాగితాలు సరిగ్గా ఉన్నాయి, ఇవ్వక తప్పదు. మీ దగ్గర నిజమే ఉంది. మీరేమో చెప్పనంటున్నారు."

ఆయన లేచి నిలబడి దణ్ణం పెట్టాడు. అధికారిణి పిల్లకేసి చూసి, శుక్రవారం దాకా ఆగుతానంది.

తిరిగొచ్చే దారిలో వాన పెద్దదైంది. గొడుగు ఒక్కటే. పిల్ల అందులోకి రాకుండా తడుస్తూ నడిచింది. తన చదువు ఆయన గొప్పలకి బలైపోయిందని, వీధంతా ఆయన్ని చూసి నవ్వుతోందని, ఇంతకాలం మనసులో దాచుకున్నదంతా కక్కేసింది. కుబేరుడు గొడుగుని పిల్ల వైపు చాపుతూనే నడిచాడు. ఇంటి మలుపు దగ్గర ఆగాడు.

"దాని నోటితో ఆ మాట అనిపించలేనే. షాపు అమ్మేసి ఫీజు కట్టమన్నా కడతాను. అది మాత్రం అడక్కు."

ఆ షాపుని కొనేవాడు ఎవడని పిల్ల అడగబోయి, ఆయన ముఖం చూసి ఊరుకుంది.

ఊరుకుందే గానీ కోపం పోలేదు. తండ్రి చెప్పకపోతే తనే చెప్తుంది, అత్తని తీసుకెళ్ళి సంతకం పెట్టిస్తుంది, అంతే కదా. ఆ పట్టుదలతోనే గుమ్మంలో కాలు పెట్టింది. మేనత్త ఆరని బట్టలు ఒక్కొక్కటే దండెం మీద తిరగేస్తోంది. తడిసిన మేనకోడల్ని చూసి తువ్వాలు అందించి, వెళ్ళిన పని ఏమైందని అడిగింది. పిల్ల తల తుడుచుకుంటూ నోరు తెరిచింది. "నువ్వు మా మీద ఆధారపడ్డావని వచ్చి చెప్పు" అనే మాట గొంతు దాకా వచ్చింది. వచ్చి అక్కడే పక్కసందులోకి మళ్ళింది.

"బాగా జరిగింది అత్తా. మనకేం తక్కువ" అంది.

అన్నాక తన గొంతు తనకే వింతగా వినిపించింది. మేనత్త చేతులు దండెం మీద ఒక్క క్షణం ఆగాయి. తర్వాత మళ్ళీ బట్టలు తిరగేసింది.

శుక్రవారం పిల్ల ఒంటరిగా కళాశాలకి బయల్దేరింది. సీటుని వచ్చే ఏడాది దాకా ఉంచుతారేమో అడగాలని. ఉంచరని ఆ పిల్లకి తెలుసు. అదే చెమ్మ వరండా, అవే వంచిన తలలు. అధికారిణి గది తలుపు ఓరగా తీసి ఉంది. లోపల కుర్చీలో ఉన్న చీర తమ ఇంటి దండెం మీదిదే.

మేనత్త ముఖంలో బెదురు లేదు. చేతిలో టీ కప్పు కూడా ఉంది. పిల్లని చూసి రమ్మని తలూపి, తన మాట తను పూర్తి చేసింది.

"ఆరుగురమండి. ఆధారపడ్డవాళ్ళం మేం ముగ్గురం. రాసుకోండి, సంతకం పెడతాను."

ఆధారపడలేదని మీ అన్నయ్య గట్టిగా చెప్పారే అని అధికారిణి అడిగింది. మేనత్త నవ్వింది.

"మా అన్నయ్య సంగతి మీకు తెలీదు. చిన్నప్పటి నుంచీ అంత ఏడుపుగొట్టు మనిషి ఇంకోడు లేడు. వాన పడితే వానని తిట్టేవాడు, ఎండ కాస్తే ఎండని. పెట్టింది చాల్లేదనేవాడు, చాలితే రుచి లేదనేవాడు. మా అమ్మ వాడి గోల పడలేక చెవుల్లో దూది పెట్టుకునేది. నేను పెట్టె తెచ్చుకున్న రోజున నా ముఖం చూశాడు. ఆ పూట నుంచి కుబేరుడైపోయాడు. ఒక్క సణుగుడు లేదు, ఒక్క 'లేదు' అన్న మాట లేదు. నన్ను నమ్మించాలని పాపం ఇన్నేళ్ళూ నోరు కట్టేసుకున్నాడు. నేనూ నమ్మినట్టే ఉన్నాను."

మరి ఇవాళ ఎలా వచ్చారని అధికారిణి అడిగితే, మేనత్త పిల్లకేసి చూపించింది. ఇది కూడా మనకేం తక్కువ అనేసరికి పని చెడిందని తెలిసి నేరుగా మీ దగ్గరికే వచ్చి అడిగాను, ఆ రోగం దీనికి కూడా అంటుకుందండి, ఇక వైద్యం చెయ్యక తప్పలేదు అంది. అధికారిణి ఈసారి చేతిరుమాలు వెతుక్కోకుండానే నవ్వేసి, కాగితం ముందుకి జరిపింది. మేనత్త సంతకం పెట్టింది. అన్నయ్యకి మాత్రం ఈ సంగతి చెప్పొద్దని ఇద్దరి దగ్గరా మాట తీసుకుంది.

కాబట్టి పిల్ల ఇంటికొచ్చి, మార్కులు చూసి మళ్ళీ ఆలోచించి ఫీజు సహాయం ఇచ్చారని చెప్పింది. కుబేరుడు ఒక్క క్షణం గోడకి ఆనుకుని నిలబడ్డాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆ వెంటనే వీధిలోకి వెళ్ళి, తను వద్దంటే కళాశాలవాళ్ళు వినలేదని చెప్పి వచ్చాడు.

ఆ సాయంత్రం అందరూ భోజనాలకి కూర్చున్నారు. బయట వాన. మేనత్త వీధి తలుపు మూయబోయింది. అది సగం దాకా వచ్చి బిగుసుకుంది. మామూలుగా అయితే ఆమె చడీచప్పుడు లేకుండా భుజంతో నెట్టి మూసేస్తుంది. ఆ పూట నెట్టలేదు. నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది.

"అన్నయ్యా, ఈ తలుపుతో నా ప్రాణం విసిగిపోతోంది. ఈ ఇంట్లో ఒక్కటీ సవ్యంగా ఉండదా?"

ముద్ద కలుపుతున్న తల్లి చెయ్యి ఆగిపోయింది. ఇన్నేళ్ళలో ఆడపడుచు ఈ ఇంటిని ఒక్క మాటనలేదు. చుట్టంగా వచ్చినవాళ్ళు ఇంటిని తిట్టరు కదా. కుబేరుడు చెల్లెలి ముఖంలోకి చూశాడు. గాలి రావాలనో, చెక్క జాతి అటువంటిదనో ఏదో ఒకటి అనడానికి నోరు తెరిచి, ఆ మాట మానుకున్నాడు. తర్వాత నెమ్మదిగా కంచం పక్కకి జరిపాడు.

"వెధవ తలుపు" అన్నాడు.

అంతే, కట్ట తెగింది. తలుపుని తిట్టాడు, దాన్ని చేసిన వడ్రంగిని తిట్టాడు, ఇంటి ఓనరుని తిట్టాడు, వానని తిట్టాడు. పటం కట్టమని చెప్పి రాని బంధువుల్ని పేరు పేరునా తిట్టాడు. కూరలో ఉప్పు లేదన్నాడు. పిల్లలు ముద్దలు నోట్లో పెట్టుకుని మింగడం మర్చిపోయి వింటున్నారు. తల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కుబేరుడి ముఖం మాత్రం ఎన్నో ఏళ్ళ తర్వాత ఇరుకు బూట్లు విప్పేసినవాడిలా తేరుకుంది.

అంతా విని మేనత్త, లోపం తలుపుది కాదు, గుమ్మానిదంది. నీకేం తెలుసు, మడతబందులదే లోపమన్నాడు ఆయన. గుమ్మమేనంది ఆమె. ఆయన ఎంగిలి చేత్తోనే లేచి వెళ్ళాక అన్నాచెల్లెళ్ళు ఇద్దరూ తలుపు దగ్గరే కూర్చుని వాదించుకున్నారు. ఆ గొడవ ఇప్పటికీ తేలలేదు. పశువైద్యం చదువుతున్న పిల్ల సెలవులకి వచ్చినప్పుడల్లా ఆ తలుపుని భుజంతో నెట్టుకునే లోపలికొస్తుంది.