దొరసాని పచ్చడి

శ్రావణంలో దేవకుమారి వాక్కాయలు కోస్తుంటే ఎవరూ వద్దనలేదు. అనాల్సిందైతే అప్పుడే అనాలి. రేపల్లె దగ్గర వాళ్ల ఊళ్లో కాలవగట్టు వెంబడి ముళ్లకంచె నిండా వాక్కాయలు ఎర్రబడి ఉన్నాయి. ఏటా లాగే కొంగు నడుముకు దోపుకుని కోసింది. చీల్చి గింజలు తీసింది. పాలు జిగురై వేళ్లకి పట్టేస్తే కొబ్బరినూనె రాసి వదిలించుకుంది. ఉప్పూ పసుపూ వేసి జాడీకెత్తింది. క్రిస్మస్ దాకా అవి అలా ఊరాలి.

ఆ పచ్చడి దేవకుమారి అత్తగారిది. అత్తగారు వయసులో ఉండగా మిషన్ బంగళాలో వంటపని చేసేదట. అక్కడి దొరసానికి పండగనాడు కోడిమాంసంలోకి తీపీ పులుపూ కలిసిన ఎర్రటి పచ్చడి లేకపోతే ముద్ద దిగేది కాదట. వాళ్ల దేశపు పండు ఇక్కడెక్కడ దొరుకుతుంది? అత్తగారు వాక్కాయలు బెల్లంతో ఉడికించి, నారింజ తొనలు వేసి, దాల్చినచెక్క పొడి చల్లి, "ఇదే అది అనుకోండమ్మా" అని పెట్టిందట. దొరసాని వెళ్లిపోయింది. బంగళా కూలిపోయింది. పచ్చడి మిగిలింది.

చర్చిలో క్రిస్మస్ ప్రేమవిందుకి ఎవరింటి నుంచి ఏది రావాలో పెద్దలనాడే స్థిరపడింది. దొరసాని పచ్చడి దేవకుమారి ఇంటిది. పిట్టలవానిపాలెం నుంచి కోడలిగా వచ్చిన ఏడాది గరిటె పట్టిన మనిషి, భర్త ముత్తయ్య పోయిన ఏడాది కూడా వదల్లేదు. నాట్లకీ కోతలకీ కూలికెళ్లే మనిషిని ఊరంతా పేరు పెట్టి పిలిచేది ఆ ఒక్క బంతిలోనే.

పోయిన క్రిస్మస్‌కి ఆ విందు తిన్నవాళ్లలో చాలామంది సాయంత్రానికి వాంతులతో పడిపోయారు. అందరూ తేరుకున్నారు, ముసలి జార్జి తప్ప. బాపట్ల ఆసుపత్రికి తీసుకెళ్లారు గానీ మనిషి తిరిగి రాలేదు. గుండె అన్నాడు డాక్టరు. ఆ మాట దేవకుమారి చెవిన వేసింది జార్జి కూతురు లిడియానే.

"నాన్న గుండె ఎప్పుడో పాడైందంట అత్తా. నీ పచ్చడేం చేసింది? మాంసమే చెడి ఉంటది."

మిగతావాళ్లు ఏమీ అనలేదు. అనకపోవడమే బాధ. పంపు దగ్గరికి తను వస్తే మాటలు ఆగిపోయేవి. తను పంపిన గారెలు కుక్కకి వెయ్యడం కళ్లారా చూసింది. లిడియా ఒక్కతే వచ్చి అరుగు మీద కూర్చుని టీ అడిగి తాగేది.

డిసెంబరు మొదట్లో సంఘపెద్ద కిషోర్ వచ్చాడు.

"వందనాలత్తా. ఈసారి పచ్చడి వద్దులే. నీకెందుకు శ్రమ?"

"నాకు శ్రమని నీకెవరు చెప్పార్రా?"

"మోకాళ్ల నొప్పులు కదా అనీ..."

"మోకాళ్లతో వండుతానా నేను?"

కిషోర్ నవ్వబోయి ఆగిపోయాడు. "నీ ఇష్టం అత్తా. తినేవాళ్లు తింటారు," అని చెప్పుల్లో కాళ్లు పెట్టాడు.

తినేది ఎవరో ఆమెకి తెలుసు. లిడియా విస్తట్లో పడితే చాలు. పోయినవాడి కూతురే తిన్నాక ఇంకెవరు కాదంటారు?

ఏ లోటూ ఉండకూడదని అత్తగారి ఇత్తడి గుండిగని గోనెసంచిలో కట్టుకుని రేపల్లెలో తెనాలి బండెక్కింది. గిన్నెలకి కళాయి పూత పెట్టేవాడు ఊళ్లోకి రావడం మానేసి చాలా కాలమైంది. తెనాలిలో మార్కెట్టు వెనక అబ్దుల్ రజాక్ ఇంకా కొలిమి పెట్టుకుని ఉన్నాడు. గుండిగ వంచి లోపలికి చూశాడు. గోటితో గీశాడు.

"దీంట్లో ఏం వండుతావమ్మా?"

"పులుపే. వాక్కాయ పచ్చడి."

"ఇట్టాగేనా?"

"శుభ్రంగానే అన్నా. చింతపండూ బూడిదా పెట్టి తోముతాను. చూడు, లోపల బంగారంలా ఎట్టా మెరుస్తుందో."

"అదేగా వచ్చిన చిక్కు. కళాయి ఉంటే లోపల వెండిలా తెల్లగా ఉండాలి. ఈ మెరిసేది ఉత్త ఇత్తడి. ఉన్న కళాయి కాస్తా నువ్వే తోమేశావు తల్లీ. ఉడికించి వెంటనే దించేస్తే ఏదో గడిచిపోతుంది. పులుపు దీంట్లో నిలవుంటే విషమే. ఎప్పుడూ ఉంచలేదు కదా?"

దేవకుమారి పోయినేడు మోకాళ్లు సలుపుతున్నాయని ముందురోజే వండింది. తెల్లారి మూత తీస్తే అంచు వెంట సన్నగా ఆకుపచ్చ గీత. చిలుమే కదా అని కొంగుతో తుడిచేసింది.

రజాక్ గుండిగని కొలిమి మీద కాల్చి లోపల నవాసారం పొడి చల్లాడు. తెల్లటి పొగ లేచింది. కరిగిన తగరాన్ని దూదితో తిప్పుతుంటే గుండిగ లోపలంతా పాలు పోసినట్టు తెల్లబడింది.

"దూరం జరగమ్మా, కళ్లు మండుతాయి," అన్నాడు, ఆమె ముఖం చూసి.

పండగనాడు పొద్దున్నే ఆ తెల్లటి గుండిగలో వండింది. ముందు తనే తిని చూసింది. వండీ వండగానే స్టీలు బకెట్టులోకి తీసేసింది. ఇందులో తప్పేమీ లేదు. ఉన్న తప్పు పోయినేటిది. తను నోరు విప్పకపోతే ఎవరికీ తెలియదు. రజాక్ ఈ ఊరు రాడు. లిడియా తింటుంది, తర్వాత అందరూ తింటారు. దారంతా ఇదే అనుకుంటూ చర్చికి నడిచింది.

ఆరాధన అయ్యాక బంతులు వేశారు. బిర్యానీ, కోడికూర ముందు వెళ్లాయి. వెనక దేవకుమారి.

"చాలత్తా."

"నాకు పులుపు పడదు పిన్నీ."

"షుగరమ్మా, వద్దు."

విస్తళ్ల మీద చేతులు వరసగా అడ్డం పడ్డాయి. "ఇన్సూరెన్సు కట్టలేదు మామ్మా, వచ్చే ఏడు వెయ్యి," అన్నాడొకడు. పక్కవాళ్లు తలలు వంచుకుని నవ్వారు.

బంతి చివర లిడియా. విస్తరి మీద చెయ్యి లేదు. కోడికూర పక్కన కాస్త చోటు ఖాళీగా ఉంచుకుంది.

"వెయ్యత్తా. అందరూ చూస్తున్నారు, వెయ్యి."

నిజమే, చూస్తున్నారు. కిషోర్ కూడా తినడం ఆపి చూస్తున్నాడు. దేవకుమారి నిండుగా ముంచింది. గరిటె అంచున నారింజ తొన ఒకటి వేలాడుతోంది. ఏడాదిగా ఎదురుచూసింది ఈ ఒక్క గరిటె కోసమే.

"గుండె కాదమ్మా," అంది.

"ఏంటీ?"

"మీ నాన్నది. గుండె కాదు. నా పచ్చడే. గుండిగకి కళాయి లేదు. ముందురోజు వండి అందులోనే ఉంచాను. చిలుము పట్టింది. తుడిచేసి తెచ్చాను. ఇప్పుడు కళాయి పెట్టించాలే, ఇది మంచిదే. కానీ చెప్పకుండా నీకెట్టా వెయ్యను?"

లిడియా ఆమె ముఖంలోకి చూసింది.

"చిలుము కనబడిందా అత్తా? చూసే తెచ్చావా?"

"చూశాను."

లిడియా ఒళ్లో ఉన్న చెయ్యి మెల్లగా లేచింది. విస్తరి మీదికొచ్చి, ఖాళీగా ఉంచిన ఆ చోటు మీద ఆగింది.

దేవకుమారి గరిటెని మళ్లీ బకెట్టులోకి వంచేసింది. లిడియా పక్కన ఇంక గోడే. బంతి అక్కడితో అయిపోయింది.