డెమో బండికి నేను తిప్పిన స్క్రూ

తొమ్మిదేళ్ళుగా ఒక ఆడమనిషి తనకు ట్రాక్టరు నడపడం చేతకాదని నమ్ముతోంది. ఆమెకు చేతనవును. బాగా చేతనవును. ఆ సంగతి గట్టిగా తెలిసినవాణ్ణి నేనొక్కడినే. తెలిసీ నోరు మూసుకుని కూర్చున్నాను. ఎక్కడికెళ్ళినా ఏం చేస్తున్నా ఈ బరువు నా నెత్తిన ఉంటూనే ఉంది.

మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు అక్కర్లేదు. తెలిసినవాళ్ళకు చెప్పే ధైర్యం లేక మీకు చెబుతున్నాను. మధ్యలో నన్ను నేను వెనకేసుకొస్తే మాత్రం నమ్మకండి. అది నా పాత అలవాటు.

మాది కేజీఎఫ్. నాన్న బంగారు గని మనిషి. గని మూతపడ్డాక ఇంట్లో ఒక్కరైనా చేతి పని నేర్చుకోవాలని నన్ను ఐటీఐలో చేర్చారు. డీజిల్ మెకానిక్కునయ్యాను. కోలారులో ఒక ట్రాక్టరు షోరూములో పని దొరికింది. ఏ షోరూమో చెప్పను. సర్వీసు నా పని, డెమో కూడా నా పనే.

మా వైపు రైతు షోరూములో బండి చూసి కొనడు. ఆ బండిని వాళ్ళ పొలానికి తోలుకెళ్ళి, వాళ్ళ మట్టిలోనే దున్ని చూపించాలి. చుట్టుపక్కల నాలుగిళ్ళవాళ్ళు గట్టు మీద నిలబడి చూస్తారు. అక్కడ ఇంజను మూలిగిందంటే ఆ బేరం పోయినట్టే. ఆ నాలుగిళ్ళ బేరం కూడా.

రత్నమ్మది మాస్తి పక్కన ఒక పల్లె. మొగుడు కోలారు దగ్గరి నరసాపురం ఫ్యాక్టరీలో షిఫ్టు పనికి పోతాడు. రాగి చేను, మామిడి తోపు, రెండు పాడి ఆవులు, అన్నీ ఆమే చూసుకునేది. పక్కింటివాళ్ళ పాత ట్రాక్టరు మీద నడపడం నేర్చుకుంది. గేరు మార్చేటప్పుడు ఇంజను చప్పుడు వినేది. చాలామంది మగవాళ్ళు వినరు. ఈమె వింటుందని నేను మొదటి రోజే గమనించాను, ఆ మాట ఆమెతో అన్నాను కూడా. అప్పటి నుంచి నన్ను అన్నా అని పిలవసాగింది.

ఇంట్లో బండి కొనడానికి ఒప్పుకున్నారు, ఒక షరతు మీద. ఊళ్ళో బాడుగకు దున్నాలి. రత్నమ్మ ఆ పని నిలబెట్టుకుంటే బండి ఆమెది. లేకపోతే తాళంచెవి మరిది మంజునాథ చేతికి పోతుంది. ఆ షరతు పెట్టింది ఆమె మామ. మంజునాథ ఆ రోజు నుంచే చెయ్యి చాచుకుని కూర్చున్నాడు.

ఇక్కడ కొంచెం బండి సంగతి చెప్పాలి. బానెట్ మీద నలభై ఐదు హెచ్‌పీ అని పెద్ద అంకెలు. అది ఇంజను బలం. కానీ గడ్డలు కొట్టి మట్టిని గుల్ల చేసే రోటవేటరును తిప్పేది వెనకాల ఉండే షాఫ్టు. అక్కడికి చేరేసరికి ఏ బండికైనా బలం కొంత తగ్గుతుంది. ఎంత తగ్గుతుందో గవర్నమెంటు పరీక్షా కేంద్రంవాళ్ళు కొలిచి రాస్తారు. ఆ రిపోర్టు లేనిదే బండి సబ్సిడీ లిస్టులోకి ఎక్కదు. మా బండి రిపోర్టులో షాఫ్టు దగ్గర ముప్పై ఎనిమిది అని ఉంది. దాంతో ఐదడుగుల రోటవేటరు హాయిగా తిరుగుతుంది. ఆరడుగులది గట్టి నేలలో తిరగదు. రత్నమ్మకు కావలసింది ఆరడుగులది. పని త్వరగా అవుతుంది, బాడుగ పిలుపులు ఎక్కువ వస్తాయి. మా షోరూము ఓనరు బండినీ ఆరడుగులదాన్నీ కలిపి అమ్మాలని చూస్తున్నాడు.

ఆమె తెలివైనది. ఆ రిపోర్టు అడిగి తీసుకుంది. ఇంగ్లీషులో ఉందని నా చేతికిచ్చి చదివి చెప్పమంది. మొదటి పేజీ చదివాను. షాఫ్టు సంగతి ఉన్న పేజీ తిప్పలేదు. ఆరడుగులది లాగుతుందా అని అడిగితే తల ఊపాను. పరీక్ష చేసినవాళ్ళు నిజమే రాశారు. చదివి చెప్పాల్సినవాణ్ణి నేను, మింగేశాను.

డెమో ముందు రోజు ఓనరు నన్ను షెడ్డులోకి పిలిచాడు. డెమో బండికి డీజిల్ పంపు కొంచెం పెంచమన్నాడు. పంపు మీద ఒక స్క్రూ ఉంటుంది. కంపెనీవాళ్ళు దాన్ని బిగించి, తీగ చుట్టి సీలు వేస్తారు. సీలు తెంచి ఆ స్క్రూ తిప్పితే ఇంజనుకు డీజిల్ ఎక్కువ పోతుంది. బండి ఉన్న బలాన్ని మించి లాగుతుంది. నెలల తరబడి అలా నడిపితే ఇంజను పోతుంది, ఒక పూట డెమోకు ఏమీ కాదు. అందరూ చేసేదే అన్నాడు ఓనరు. వచ్చే సంవత్సరం నిన్ను సూపర్‌వైజరును చేస్తానని కూడా అన్నాడు. నేను ఏ మాటకు లొంగాను? అందరూ చేసేదే అన్నదానికా, సూపర్‌వైజరు అన్నదానికా? ఇన్నేళ్ళుగా నన్ను నేను అడుగుతున్నాను. రెండోదానికే. సీలు తెంచాను. స్క్రూ తిప్పాను. తీగ మళ్ళీ చుట్టి మట్టి పూశాను.

మర్నాడు పొద్దున రత్నమ్మే బండెక్కింది. టమాటా తీసేసిన నేల, రాయిలా ఉంది. ఆరడుగుల రోటవేటరు దించింది. బండి ఎక్కడా తగ్గలేదు. పొగ మాత్రం నల్లగా వచ్చింది, ఎవరో అడిగితే కొత్త ఇంజనని చెప్పాను. చివరి సాలు తిప్పుకుని వచ్చేటప్పుడు ఆమె గట్టిగా నవ్వింది. గట్టు మీదున్నవాళ్ళు మెచ్చుకున్నారు. మధ్యాహ్నం నాకు రాగి ముద్ద, ఉప్పుసారు పెట్టి, మా అన్న చూపించిన బండి అని అందరికీ చెప్పింది. నేను కడుపు నిండా తిన్నాను. సిగ్గు లేకుండా రెండో ముద్ద కూడా వేయించుకున్నాను.

ఆమె కొన్నాక ఇంటికి చేరింది మాత్రం సీలు ఉన్న కొత్త బండి. రిపోర్టులో ఎంత ఉందో అంతే లాగే బండి.

నెల తిరక్కుండానే గొడవ మొదలైంది. గట్టి నేలలో రోటవేటరు దించితే ఇంజను ఆగిపోతోంది. ఆగకుండా నడపాలంటే నత్తలా పోవాలి. బాడుగకు పిలిచినవాళ్ళు సగం పనిలో వేరే బండిని పిలుచుకున్నారు. ఆమె మూడుసార్లు వర్క్‌షాపుకు వచ్చింది. ప్రతిసారీ నేను ఫిల్టరు మార్చి, ఏవో నట్లు బిగించి పంపాను. మూడోసారి ఆమె కళ్ళల్లోకి చూడలేక బండి కిందకి దూరి పడుకున్నాను, అక్కడ చేయడానికి ఏమీ లేకపోయినా.

చివరికి ఇంటికి రమ్మని కబురు పెట్టింది. ఓనరు నన్నే పంపాడు, ఏం చెప్పాలో చెప్పి మరీ. నడవలో మామ మంచం మీద ఉన్నాడు. మంజునాథ గోడకు ఆనుకుని నిలబడ్డాడు. మొగుడు రాత్రి డ్యూటీ దిగి వచ్చి తూగుతున్నాడు. రత్నమ్మ నేరుగా నా దగ్గరికి వచ్చింది.

"అన్నా, నువ్వే చెప్పు ఈళ్ళకి. డెమోకి తెచ్చినావే, ఆ బండీ ఈ బండీ ఒకటేనా?"

"ఒకటేనమ్మా. అదే మాడలు, అదే ఇంజను."

"మరి అది అట్ల లాగింది కదా? నేనే కదా నడిపింది? ఇది యాల లాగల్యా?"

"బండిలో ఏమీ లేదమ్మా. క్లచ్చి వదిలేదాంట్లో ఉండాది. ఇంగ కొంచెం చెయ్యి కుదరల్ల."

"నా చెయ్యా? నీకు తెలుసు గదన్నా నా చెయ్యి."

మంజునాథ నవ్వాడు. మామ మంచం మీద నుంచి, "సుమ్నే ఊరికే ఎందుకమ్మా ఆయన్ని అడిగేది, తాళంచెవి ఈడికియ్యి" అన్నాడు. ఆమె ఇంకా నా ముఖంలోకే చూస్తోంది. నేను ఏదో ఒకటి అంటానని. నిజంగానే నమ్మింది, అంటానని. నేను గోడ మీద క్యాలెండరు చూస్తూ నిలబడ్డాను. తర్వాత ఆమె తాళంచెవి తీసి మంచం కోడు దగ్గర పెట్టి లోపలికి వెళ్ళిపోయింది.

ఇంతటితో ఆగినా నేను మామూలు పిరికివాణ్ణని చెప్పుకోవచ్చు. ఆగలేదు. వారం తర్వాత మంజునాథ కూడా అదే గోలతో వర్క్‌షాపుకు వచ్చాడు. అతని చేతిలోనూ బండి ఆగిపోతోంది మరి. అప్పుడు ఓనరుకు చెప్పి, ఆరడుగులది వెనక్కి తీసుకుని ఐదడుగులది తగిలించి పంపింది నేనే. ఊళ్ళో ఎవరికీ చెప్పొద్దని అతనితో నేనే అన్నాను. అతను ఎందుకు చెబుతాడు? బండి గుర్రంలా పరిగెత్తింది. ఊరంతా ఒకటే మాట, మగాడి చేతిలో పడ్డాక దారికొచ్చిందని. ఆ మాట రత్నమ్మ కూడా వింది. తన మామిడి తోపులో మరిది ఒక్కసారీ ఆగకుండా దున్నుతుంటే దూరంగా నిలబడి చూసింది. రెండు రోటవేటర్లదీ ఒకటే రంగు, అడుగు తేడా అంత దూరానికి తెలియదు. అంతవరకూ ఆమెకు తన మీద కొంచెం నమ్మకం మిగిలే ఉందేమో. దాన్ని కూడా లాగేసింది నేనే కదా? నాకు ఆ రోటవేటరు మార్చాలని ముందే తెలుసు కదా? ఆమె వచ్చిన మూడుసార్లలో ఒక్కసారి ఎందుకు మార్చలేదు? మారిస్తే ముందు చెప్పింది అబద్ధమని ఆమె పట్టేస్తుంది. మంజునాథ పట్టుకోడు, పట్టుకున్నా అతనికి లాభమే. ఇంత లెక్క నా బుర్రలో క్షణంలో నడిచింది. అదే నాకు ఎక్కువ భయం.

నన్నూ మోసం చేశారు. సూపర్‌వైజరు కుర్చీలో ఓనరు తన తమ్ముడి కొడుకును కూర్చోబెట్టాడు. ఇంకో ఊళ్ళో డెమో బండి సీలు తెగి ఉండడం ఒక రైతు కనిపెట్టి రచ్చ చేస్తే, మెకానిక్కు తనంతట తానే చేశాడని ఓనరు అందరి ముందు నా వైపు వేలు చూపించాడు. అదే రోజు పని పోయింది. నమ్మినవాడు నా ముఖం మీద అలా అంటుంటే ఒళ్ళంతా మండిపోయింది. ఆ మంట ఇప్పటికీ ఆరలేదు. కోలారు బస్టాండులో, మా ఊరి రాబర్ట్‌సన్‌పేట టీ కొట్టుల్లో ఆ కథ ఎంతమందికి చెప్పుకున్నానో. అందరూ అయ్యో పాపం అన్నారు. ఎప్పుడు చెప్పినా కథను షెడ్డులో ఓనరు దగ్గర మొదలుపెట్టి, నా ఉద్యోగం పోవడం దగ్గర ముగించేవాణ్ణి. మధ్యలో రత్నమ్మ ఉండేది కాదు. నమ్మినవాడు మోసం చేస్తే ఎలా ఉంటుందో నాకంటే ముందు ఆమెకు తెలుసు. కాదు, అదీ తప్పే. ఆమెకు తెలియనే తెలియదు. నాకు కనీసం ఓనరును తిట్టుకునే వీలుంది. ఆమె తన చేతుల్నే తిట్టుకుంది.

మొన్న కోలారులో టమాటా మార్కెట్టు దగ్గర కనిపించింది. ఇప్పుడు ఆమె కూడా కంపెనీ బస్సెక్కి నరసాపురం పోతోంది, క్యాంటీన్లో పని. పక్కన కూతురుంది, కాలేజీ పిల్ల. నన్ను చూడగానే ముఖం విప్పార్చుకుని, అన్నా అని పిలిచింది. నా ఆరోగ్యం అడిగింది. ఎక్కడ పని చేస్తున్నావని అడిగింది. మాటల్లో కూతురి సంగతి వచ్చింది. ఆ పిల్ల ట్రాక్టరు నేర్చుకుంటానని మొండికేస్తే తానే వద్దందట. మన చేతులకు అది కుదరదు, నేను చూసినాను కదా అని చెప్పిందట. ఎంత మామూలుగా చెప్పిందో! ఆ పిల్ల తలొంచుకుని నిలబడింది.

అప్పుడైనా చెప్పాలి కదా? నోరు తెరిచాను. బస్సు వస్తోందంటూ ఆమె వెళ్ళిపోయింది. చూశారా, మళ్ళీ వెనకేసుకొస్తున్నాను. బస్సు రావడానికి ఇంకా చాలాసేపుంది. ఆమె ఆ పక్కనే నిలబడి ఉంది. నేనే వెళ్ళిపోయాను.

ఆమె క్షమిస్తుందని నేను అనుకోవడం లేదు. క్షమించమని అడిగే ముఖమూ లేదు. ఆ మాటలు మాత్రం నా నోట్లోంచి బయటికి రావాలి, ఎక్కడో ఒకచోట, ఒక్కసారైనా. ఆ రోజు ఆ నడవలో చెప్పాల్సింది ఇది. ఎలా చెప్పాల్సిందో అలాగే రాస్తున్నాను.

రత్నమ్మా, రెండు బండ్లూ ఒకటి కాదు. డెమో బండికి సీలు తెంచి పంపు తిప్పినాను నేను. నీకిచ్చిన బండి ఆరడుగులది లాగదని నాకు ముందే తెలుసు. నీ చేతిలో తప్పేమీ లేదమ్మా. నీ కూతురికి నేర్పించు.