అద్దం మీద సున్నపు మనుషులు

ఈ రోజు ఉదయం తొమ్మిదింటికి నేనొక అద్దం తుడిచాను. అడగకుండా తుడవడమే నా తప్పు.

యాంగోన్‌లో డ్రాయింగు మేష్టరుగా రెండేళ్లు పనిచేశాను. సైన్యం గద్దెనెక్కాక బడి మూసేశారు. వీధులకు అడ్డంగా ఇసుక బస్తాలు, ఫోన్లలో నెట్ లేదు. ఇంటికి తీసుకెళ్లే విమానం మూడు రోజుల తర్వాత. అందాకా ఈ ఊళ్లోనే బోటాటౌంగ్ పేటలోని తెలుగు బాప్తిస్టు గుడి వెనక గదిలో ఉంటున్నాను. గుడి చూసుకునే మరియమ్మగారే అన్నం పెడుతున్నారు.

గుడి గోడకు పాత డచ్చి ప్రకృతి చిత్రం ఒకటి, అచ్చు ప్రతి, అద్దం బిగించి ఉంది. అడుగున సన్నని పట్టీలా నేల, పైనంతా మబ్బులు. దూరంగా గుడి శిఖరం, దాని వైపు ఒక బండి బాట. నిన్న సాయంత్రం ఆమెకు పాఠం చెప్పాను: "ఈ శైలిలో ఆకాశమే కథ. మనుషులు కొలత కోసం పెట్టిన చుక్కలు."

"సుక్కలా, మేస్టారూ?" అని ఆమె నవ్వారు.

ఈ ఉదయం ఆ బాట మీదుగా అద్దంపై పదో పదకొండో తెల్లటి గీతలు కనిపించాయి. వెల్ల వేసినప్పుడు చిందిన సున్నమనుకున్నాను. తడిగుడ్డతో తుడిచేసి, మబ్బుల్లో వెలుగు తేలిందని మురిసిపోయాను.

పదింటికి మరియమ్మగారు బజారు నుంచి వచ్చారు. బొమ్మ చూడగానే కూరల సంచి వదిలేశారు. "యోహానొచ్చీసినాడా? ఏడీ?" అంటూ వంటగదిలోకీ పెరట్లోకీ పరిగెత్తారు. తిరిగొచ్చాక నా చేతిలో గుడ్డ చూశారు.

ప్రతి ఆదివారం, ఆరాధనకు రాలేక, కబురూ తెలియని ఒక్కొక్కరికీ ఒక్కో మనిషిని ఆమె అగ్గిపుల్లతో, తమలపాకు సున్నంతో ఆ బాట మీద గీస్తారట. వచ్చినవాళ్లు తమ బొమ్మను తామే బొటనవేలితో చెరిపేసుకోవాలి. యోహాను ఆమె తమ్ముడు. నది అవతల తన్లిన్‌లో చమురు శుద్ధి కర్మాగారంలో పని. మూడు వారాలుగా జాడ లేదు.

"సుక్కలే గదా మేస్టారూ, మీకు," అని ఆమె లోపలికి వెళ్లిపోయారు.

చిరునామా అడిగి పదకొండుంపావుకు బయలుదేరాను. రెండు బస్సులు, టిక్కెట్లకు నాలుగు వందల చాట్లు. నది వంతెన ముందు సిపాయిలు అందరినీ దింపి సంచులు వెతికారు. పక్కసీటు ముసలాయన బర్మీస్‌లో, "వెళ్లడం తేలికే బాబూ, తిరిగి రావడం చూసుకో" అన్నాడు. వంతెన మీద నుంచి చూస్తే అదే బొమ్మ: పల్లపు నేల, పైనంతా మబ్బులు. గట్టు మీద ఇద్దరు నడుస్తున్నారు. ఎంత ఆకాశమున్నా నా కళ్లు ఆ ఇద్దరినీ వదల్లేదు. నేను రాకపోతే నన్ను ఎవరు గీస్తారని ఆలోచించాను. ఒక్క పేరూ తోచలేదు.

ఒంటిగంటన్నరకు ఇల్లు దొరికింది. యోహాను మంచం మీద ఉన్నాడు. తొక్కిసలాటలో కాలు విరిగింది, ఫోను పోయింది. జరిగింది చెప్పి క్షమించమన్నాను.

"తుడిసీసినావా! పోన్లే, అక్క నన్ను మరీ లావుగా ఏసింది," అని నవ్వాడు. తర్వాత గొంతు తగ్గించి, "ఏడిసిందేటి?" అన్నాడు.

"నా ముందు ఏడవలేదు."

నాలుగింటి బస్సుకు తిరిగొచ్చాను. తమ్ముడు బతికే ఉన్నాడని చెబితే మరియమ్మగారు బల్ల మీద కూర్చుని, ఎలా ఉన్నాడో రెండుసార్లు చెప్పించుకున్నారు. లేచాక సున్నం డబ్బా, అగ్గిపుల్ల నా చేతిలో పెట్టారు. ఆమె ఒక్కో పేరూ, ఆ మనిషి నడకా చెబుతుంటే పదిమందిని మళ్లీ బాట మీదికి తెచ్చాను.

పదకొండోవాడు యోహాను. కబురు తెలిసింది గాని మనిషి ఇంకా రాలేదు. అతన్ని కాస్త సన్నగా, చంకలో కర్రతో గీశాను.