గడ్డి కేసు వకీలుగారు

నా పేరు ఎల్లమ్మ. వయసు అరవై దాటింది. లాలాపేటలో నేను, నా కొడుకు మల్లేశు, రెండు బర్రెలు ఉంటాము. నాకు చదువు రాదు. మా వకీలుగారి దగ్గర వకీలు చదువు చదివిన పిల్లలు వేసే పుస్తకం కోసం నేను చెబుతుంటే, పక్కింటి అమ్మాయి రాస్తున్నది.

మొన్న వాయిదాకు పోతే, ఎవరో వకీలు పోయారట, ఈ రోజు కోర్టు నడవదన్నారు. నాకు ఒళ్లు మండింది.

"ఎవలో సచ్చిపోతే నా కొడుకు పని ఆపుతరా?" అని అరిచాను.

బంట్రోతు దగ్గరకు వచ్చి మెల్లగా అన్నాడు. "తార్నాక వకీల్‌సాబే, అమ్మా. నీ వకీలే."

అక్కడే కూలబడ్డాను.

మల్లేశు పడుచు వయసులో యూనివర్సిటీ జాగాలో గడ్డి కోశాడు. తోటమాలి కోసుకోమన్నాడు, ఆయనకు రోజూ చెంబెడు పాలు పోసేవాళ్లం. కొత్తగా వచ్చిన జవాను దొంగతనమని పట్టుకుపోయాడు. కోర్టులో తప్పు ఒప్పుకుంటే జుర్మానా కట్టి ఇంటికి పోవచ్చన్నారు. పాలు పిండే పొద్దు దాటుతుందని ఒప్పుకున్నాం. మా దిక్కు అందరూ అట్లనే చేస్తారు. ఇప్పుడు అదే యూనివర్సిటీలో వాడికి అటెండరు పని వస్తే, పోలీసు విచారణలో ఆ పాత శిక్ష బయటపడింది. దాన్ని కొట్టేయించుకుని రాకపోతే ఆ పని ఇంకొకరికి పోతుంది.

వకీలుగారు కృష్ణా జిల్లా మనిషి. నేను పాలు తెస్తే గిన్నె పట్టుకుని తానే గేటు దాకా వచ్చేవారు, కాళ్లకు చెప్పులు కూడా లేకుండా. అక్కడే నా ఏడుపు విన్నారు. "చేయని తప్పు ఒప్పుకోవడం కూడా అబద్ధమేనమ్మా. పాపం, దాన్ని ఎవరూ అబద్ధమనుకోరు" అన్నారు. అర్జీ వేశారు. గోల్నాకలో తోటమాలిని వెతికి పట్టుకుని సాక్ష్యానికి ఒప్పించారు.

నాకు జవాబులు నేర్పుతూ, "బర్రెను అదిలించినట్టు జడ్జిగారిని అదిలించకు" అన్నారు.

"నా బర్రె చెప్తె ఇంటది. గాయన ఇంటడా?" అన్నాను.

కళ్లద్దాలు తీసి తుడుచుకునేంతగా నవ్వారు. "భయమేస్తే నా వైపు చూడు" అన్నారు.

రేపు మళ్లీ వాయిదా. కొత్త వకీలు వస్తాడట. ఎవరి వైపు చూడను? తోటమాలి ఆయన మొహం చూసి ఒప్పుకున్నాడు, ఇప్పుడు వస్తాడో రాడో.

"ఇగ ఇడిసిపెట్టు అమ్మా. పాల ధందానే చేసుకుందాం" అంటాడు మల్లేశు.

"నోర్మూయ్‌రా. దొంగ తల్లినని సచ్చేదాకా అనిపించుకోవాల్నా?" అన్నాను.

ఈ పొద్దున బర్రె చేపలేదు, పొదుగులోకి పాలు దింపలేదు. దూడను విడిచినా చేపలేదు. పిండే చేతిలో భయముంటే పొదుగుకు తెలుస్తుంది. దాని డొక్కకు తల ఆనించి రేపటి మాట చెప్పుకున్నాను. "అయ్యా, కోసుకోమంటేనే కోసిండు." బర్రె మెడ తిప్పి చూసింది. గొంతు వణకకుండా వచ్చేదాకా చెప్పాలని మళ్లీ మొదలుపెట్టాను. ఒళ్లోని చెంబులో చుక్క పడలేదు.

ఇది నా బొటనవేలి ముద్ర. ఎల్లమ్మ.
దగ్గరుండి చూసినవారు: కిరాణం రాములు, కుట్టుమిషను సత్తెమ్మ.