గెలుపు లారీ ఆగిన పూట

నిన్న మధ్యాహ్నం పొయ్యి మీద సంగటి అడుగంటింది. తప్పు నాదే. టీవీలో పార్లమెంటు ఎన్నికల ఫలితాలు వస్తుంటే తెడ్డు పక్కన పెట్టి వెళ్ళి కూర్చున్నాను. మాడిన రాగిపిండి వాసన ఇల్లంతా కమ్ముకుంది, కోడలు సణుగుతూ కిటికీలు తెరిచింది. తెరవనీ. యాభై ఏళ్ళ కిందట ఇలాంటి ఫలితాల రోజునే అమ్మ సంగటి మాడిపోయింది. ఆ వాసన నాకు ఇప్పటికీ వదల్లేదు.

గనులు సర్కారువి అయ్యాక పుట్టినదాన్ని నేను. మాది కోలారు బంగారు గనుల్లో, గనిలోకి దిగే షాఫ్టు ఒకదానికి కూతవేటు దూరంలో ఉన్న లైను. లైనంటే ఒకే పొడుగు కప్పు కింద వరసగా కట్టిన గదులు. ఒక ఇంట్లో తుమ్మితే నాలుగిళ్ళ అవతలి నుంచి "చిరంజీవ" అని వినిపించేది. నాయన చిత్తూరు వైపు నుంచి గని పనికి వచ్చినవాడు. ఎండాకాలం వస్తే బంగారం తీశాక పారబోసిన సైనైడు దిబ్బల మీది బూడిదరంగు దుమ్ము గాలికి లేచి ఆరేసిన బట్టల మీద, చేటల్లోని వడియాల మీద, మా కనురెప్పల మీద పడేది. ఆ దుమ్ములోనే ఉప్పూ కారం అద్దిన మామిడి ముక్కలు నములుతూ, చింతగింజలే ఓట్లుగా, పగిలిన కుండే పెట్టెగా మేం ఎన్నికలాట ఆడేవాళ్ళం. నేనెప్పుడూ ఓడేదాన్ని. ఓడిన ప్రతిసారీ కుండ బోర్లించి మళ్ళీ లెక్కపెట్టమని పోట్లాడేదాన్ని.

షిఫ్టు మొదలయ్యేటప్పుడు ఒకసారి, ముగిసేటప్పుడు ఒకసారి గని కూత వేసేది. దాన్ని సంగు అనేవాళ్ళం. పొయ్యి వెలిగించడం, కొళాయి దగ్గర బిందె పెట్టడం, నాయనకు నీళ్ళు కాచడం, అన్నీ ఆ సంగును బట్టే. మా ఇళ్ళల్లో గడియారాలు లేవు, అక్కర్లేదు కూడా. కానీ వేళ కాని వేళ సంగు మోగిందంటే లోపల ఏదో జరిగిందని లెక్క. ఆడవాళ్ళు చేతిలో పని ఎక్కడిదక్కడ వదిలేసి షాఫ్టు దగ్గరికి పరుగు తీసేవాళ్ళు. సంగటి మాడిన ఏటికి ముందేడు అలా పరిగెత్తిన రోజునే పక్కింటి మునెమ్మత్త మొగుడు లోపల బండ పగిలి మీద పడి చనిపోయాడు.

ఆ ఎన్నికల ఏడు మా లైన్లన్నీ ఒక్కమాట మీద నిలబడి ఒకాయనకే ఓటేశాయి. పేరెందుకులెండి. ఓట్ల లెక్కింపు రెండో రోజు మధ్యాహ్నం, సెలవులో ఉన్న మగవాళ్ళు టీ అంగడి రేడియో చుట్టూ మూగి ఉన్నారు. నాయన పొద్దుటి షిఫ్టుకు దిగాడు. పైకి రావడానికి ఇంకా రెండు గంటలుంది. అమ్మ సంగటి కెలుకుతోంది. ఉన్నట్టుండి సంగు మోగింది.

అమ్మ తెడ్డు పడేసింది. చెప్పుల్లేవు, పైట సరిగ్గా లేదు, నన్ను వెనక్కి తిరిగి చూసింది కూడా లేదు. కాళ్ళు కాలుతున్నా ఏడుస్తూ నేనూ వెంటపడ్డాను. అందరికంటే ముందు పరిగెత్తుతున్నది మునెమ్మత్త. లోపల ఆమెకు ఇంకెవరూ లేరు. అయినా పరిగెత్తింది.

గేటు దగ్గర కాపలాదారు బిత్తరపోయాడు. "సంగు మేం కొట్టలేదమ్మా! లోపల అందరూ బాగుండారు!" అంటుండగానే రోడ్డు మీది నుంచి అదే కూత మళ్ళీ వచ్చింది. మలుపు తిరిగి ఒక లారీ ప్రత్యక్షమైంది. జెండాలు, తప్పెట్లు, మెడనిండా దండలతో గెలిచినాయన, వెనకాల చేత్తో తిప్పే సైరన్ ఒకటి, దాన్ని తిప్పుతూ ఒకడు. బయటి ఊరివాళ్ళు, పాపం. గనుల ఊరు కదా, సంగు కొడితే జనం ఉరికి వస్తారనుకున్నారట. ఉరికే వచ్చాం మరి!

"గెలిచినాం కదమ్మా, నగండి!" అని పైనుంచి ఒకడు బంతిపూలు చల్లాడు. అమ్మ జుట్టులో పడ్డ పువ్వును పీకి నేలకేసి కొట్టింది. ఆ "నగండి" అన్న మాట తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

మునెమ్మత్త పోయి లారీ ముందు మట్టిలో కూర్చుంది. అమ్మ ఆమె పక్కన చతికిలబడింది. చూస్తుండగానే రోడ్డు నిండిపోయింది.

"లెయ్యండమ్మా, ఊరేగింపు పోవల్ల," అన్నాడు లారీ మీది కార్యకర్త.

"షిఫ్టు పైకి రానీ," అంది అమ్మ. "మా వోళ్ళను కండ్లారా చూసుకుంటాం. అంతదంకా ఈ బండి కదిలేదానికి లేదు."

"ఎదురుపార్టీ వోళ్ళు పంపించినారా మిమ్మల్ని?"

మునెమ్మత్త లేచి నిలబడింది. వాణ్ణి కాదు, గెలిచినాయన్నే చూసింది. "ఎవురప్పా ఎదురుపార్టీ? నీకే ఏసినా నేను ఓటు. నా మొగుడుంటే వాడూ నీకే ఏసుండును. ఏసినోళ్ళం కాబట్టే అడ్డం కూకున్నాం. ఏయకుంటే నీతో మాకేం పని?" అనేసి మళ్ళీ కూర్చుంది.

ఆయన లారీ దిగాడు. తిడతాడనుకున్నాను. తిట్టలేదు. తప్పెట్లు ఆపమని చెయ్యి చూపించి, దండలు ఒక్కొక్కటే తీసి పక్కన పెట్టి, మా ఎదురుగా ఎండలోనే ఒక రాయి మీద కూర్చున్నాడు. రెండు గంటలు. ఎవరూ ఆయనకు నీళ్ళివ్వలేదు. నేను ఇవ్వబోతే అమ్మ రెక్క పట్టుకుని లాగింది.

చివరికి అసలు సంగు మోగింది. సరైన వేళకే మోగినా అందరూ ఉలిక్కిపడ్డారు. కేజు విడతలు విడతలుగా మనుషుల్ని పైకి తెచ్చింది. మూడో విడతలో నాయన వచ్చాడు. అమ్మ ఆయన చెయ్యి పట్టుకుని వేళ్ళు ఒక్కొక్కటే తడిమింది.

"ఏమైంది? ఎవురు గెలిచినారు?" అన్నాడు నాయన.

"ఎవురో ఒకరు. సంగటి మాడిపోయింది, పా."

ఆఖరి మనిషి బయటికి వచ్చేదాకా మునెమ్మత్త లేవలేదు. లేచాక చీర దులుపుకుని, "ఇంగ పో అప్పా," అంది గెలిచినాయనతో. ఆయన చేతులు జోడించాడు. లారీ మా లైను దాటేదాకా తప్పెట మోగలేదు.

అమ్మ, నాయన, మునెమ్మత్త, ముగ్గురూ ఇప్పుడు లేరు. గని మూసేశారు. సంగు లేదు, కేజు లేదు. లైన్లలో సగం తలుపులకు తాళాలు. మిగిలినవాళ్ళు తెల్లారకముందే రైలెక్కి బెంగళూరు పనులకు పోతారు. బేతమంగళ చెరువు నీళ్ళు ధారగా పడిన కొళాయిలో ఇప్పుడు గాలి వస్తుంది. నిన్న టీవీలో ఈ ఊరి పేరు చెప్పి, తుప్పు పట్టిన షాఫ్టు ఒకటి చూపించి, ముందుకు పోయారు. ఇక్కడ ఇంకా ఎవరూ లేరనుకున్నారు కాబోలు!

నిన్న గెలిచినాయన ఊరేగింపు రేపు మా లైనులోకి వస్తుందట. ఆ మాట వినగానే దారికి అడ్డంగా నా కుర్చీ వేశాను. దాన్ని తీసెయ్యమని ఇందాకే ఒకతను వచ్చి మర్యాదగానే చెప్పిపోయాడు. తియ్యను. నా ఓటు ఆయనకే వేశాను.