తలుపు మీద అరచెయ్యి

ఈ ఉదయం వీధి తలుపుకు తాళం పడలేదు. ఈ బ్రిటన్ ఇళ్ల తలుపులకు హ్యాండిల్ పైకెత్తితేగాని తాళంచెవి తిరగదు. ఆ హ్యాండిల్ సగంలో ఆగిపోయింది. బేసింగ్‌స్టోక్ నుంచి వచ్చిన మా అమ్మాయి కోటు తొడుక్కుంటూ, "జస్ట్ షవ్ ఇట్, అమ్మా" అంది. నేను నెట్టలేదు. వాళ్ల నాన్న ఉంటే నెట్టనిచ్చేవారు కాదు. ఆయన పోయాక ఇది రెండో చలికాలం.

ఆయన కార్డిఫ్‌లో ఆసుపత్రి నర్సు, కొన్ని వారాంతాల్లో ఆర్మీ రిజర్వులో మెడిక్. కట్లు కట్టేవాళ్లకు కూడా రైఫిల్ నేర్పుతారని నాకు అప్పుడే తెలిసింది. రైఫిల్ పక్కనున్న పిడిని వెనక్కి లాగి వదిలితే లోపలి బోల్టు ముందుకు దూకి తూటాను గొట్టంలోకి తోస్తుంది. మురికి చేరితే అది వెంట్రుకవాసి ముందే ఆగిపోవచ్చు. అందుకని ప్రతిసారీ పిడిని అరచేత్తో ముందుకు ఒక్క దెబ్బ కొట్టమంటారు. దాన్ని ఫార్వర్డ్ అసిస్ట్ అంటారట. ఆయనతోపాటే రిజర్వులో చేరిన కాకినాడ స్నేహితుడొకాయన మా చర్చికే వచ్చేవాడు. ఆరాధన అయ్యాక మా ఇంట్లో భోజనానికి కూర్చుంటే ఈ దెబ్బ అవసరమా కాదా అని వాదన. పప్పుచారు చల్లారిపోయేది.

"తనంతట తాను వెళ్లని తూటాని కొట్టి తోస్తే ఇంకా బిగుసుకుంటది. ఎందుకు ఆగిందో ముందు చూడాలిరా" అనేవారు ఈయన.

"నువ్వు చూస్తా ఉండు బావా, ఈలోపు అవతలోడు టీ తాగొస్తాడు" అనేవాడు ఆ స్నేహితుడు.

నా గొడవ వేరు. ఇద్దరం బయల్దేరినప్పుడు తాళం వేసేది నేను. నేను వేశాక ఆయన ఆ తలుపును అరచేత్తో ఒకసారి కొట్టేవారు. ప్రతిసారీ. నా మీద నమ్మకం లేదా అని ఒకసారి అడిగితే, "నీ మీద కాదు, తలుపు మీద" అన్నారు. నేను నమ్మలేదు. ఈ చిన్న పనికే నన్ను సరిచూసే మనిషి ఇంకా ఎక్కడెక్కడ సరిచూస్తున్నాడో అనుకునేదాన్ని. కూరలో ఉప్పు చూసినా అనుమానమే. అడగడం మానేశాను, గమనించడం మానలేదు.

ఆయన పోయాక చర్చివాళ్లు మా ఇంట్లో పెట్టిన ఆదరణ కూడికకు ఆ స్నేహితుడు వచ్చాడు. వెళ్తూ తలుపు బయటినుంచి లాగి, అదే చోట, అదే దెబ్బ కొట్టాడు. తలుపు మళ్లీ తీసి, ఎందుకు కొట్టావని అడిగాను. తను కొట్టినట్టే అతనికి తెలియదు.

"చేతికి అలవాటైపోయింది అక్కా. రైఫిల్ మీద ఆ దెబ్బ తొయ్యడానికి కాదు, బోల్టు పూర్తిగా పడిందో లేదో చూసుకోడానికి. బావ దండగ దండగ అంటానే ఉండేవాడు. మా అందర్లోకీ మానకుండా కొట్టింది మాత్రం ఆయనే."

అతను వెళ్లాక కూడా నా అనుమానం వెంటనే పోలేదు. చచ్చిపోయినవాళ్ల గురించి స్నేహితులు మంచే చెబుతారు. కప్పులు కడుగుతుంటే అప్పుడు గుర్తొచ్చింది. ఆయన ఒక్కరే డ్యూటీకి వెళ్లే రోజుల్లో నేను ఇదే సింకు దగ్గర ఉండేదాన్ని. హ్యాండిల్ ఎత్తిన చప్పుడు, తాళంచెవి, ఆ తర్వాత తలుపు మీద ఒక్క దెబ్బ. తాళం వేసింది ఆయనే. వెళ్తున్నానని నాకు చెబుతున్నారు కాబోలనుకునేదాన్ని.

ఇవాళ కిందకి వంగి చూస్తే, డోర్‌మ్యాట్ అంచు తలుపుకింద మడతపడి ఉంది. తీశాను. తాళం పడింది. అమ్మాయి కారు దగ్గర నిలబడి చూస్తుండగా అరచేత్తో ఒకసారి కొట్టాను. రోజూ విన్న చప్పుడే అయినా, అది ఆగిపోయాకగాని నాకు అర్థం కాలేదు.