గంజి కలిపిన సున్నం

నూలు కండెలు చుట్టే గదిలో ఫ్యాను వేయరు. గాలికి నూలు ఊగుతుంది, ఆరిపోతుంది, పుటుక్కున తెగుతుంది. సిరిసిల్లలో పుట్టిన వాళ్లకు ఈ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు. బాపు షెడ్డులో సాంచెలు, అంటే కరెంటు మగ్గాలు, నడిపితే, వాటికి కావలసిన కండెలు అవ్వ మా ఇంటి నడిమి గదిలో మిషను ముందు కూర్చుని చుట్టేది. మా వైపు అమ్మను అవ్వ అంటాం, నాన్నను బాపు అంటాం. పైన స్లాబు, ఆగిన ఫ్యాను. దారానికి ఏ గాలీ తగలకూడదని, కప్పు దగ్గరున్న రెండు వెంటిలేటర్లలో కూడా పాత గుడ్డలు కుక్కి పెట్టింది.

పోయిన ఎండాకాలం ఒక మధ్యాహ్నం ఆమె మిషను మీదికే ఒరిగిపోయింది. ఆస్పత్రిలో సెలైన్ పెట్టారు. ఎండలు తగ్గేదాకా ఆ గదిలో కూర్చోవద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. మేనమామ వచ్చి ఆమెను చెన్నూరు తీసుకుపోయాడు. ఆ రెండు నెలలూ బాపూ నేనూ ఎదురెదురుగా కూర్చుని, మాట లేకుండా అన్నం తిన్నాం. మా ఇంట్లో మాటలన్నీ అవ్వవేనని నాకు అప్పుడు తెలిసింది. వానలకు ఆమెను దింపడానికి వచ్చిన మామ, మళ్లీ ఎండలు ముదిరితే మళ్లీ తీసుకుపోతానని చెప్పి వెళ్లాడు.

మళ్లీ పోనివ్వకూడదని నా మనసులో ఉండేది. పైకి అనలేదు. లైబ్రరీలో ఒక పాత పత్రిక చూస్తుంటే, డాబా మీద తెల్లసున్నం పూస్తే ఎండ వెనక్కి కొడుతుందని, కప్పు కింద చేరే వేడి పోవడానికి దారి ఉండాలని రాసి ఉంది. మా స్లాబు పాచి పట్టి నల్లగా ఉంటుంది. ఆ ముక్కలన్నీ డైరీలో ఎక్కించుకున్నాను. అవ్వకు చదివి వినిపించాను. అవ్వ బాపుకు చెప్పింది.

ఫాల్గుణంలో బాపు సున్నం తెచ్చి డ్రమ్ములో నానబెట్టాడు. సున్నంలో జిగురు కలపాలని పత్రికలో ఉంది. బాపు మాత్రం గంజి కాచి పోశాడు. మగ్గానికి ఎక్కించే పడుగు దారం గంజి పెడితే ఎంత గట్టిగా ఉంటుందో ఆయనకు చిన్నప్పటి నుంచీ తెలుసు. పడుగుకు పట్టింది స్లాబుకు పట్టదా అన్నాడు. నాకు అనుమానం వచ్చింది. బకెట్టు అందిస్తూ ఊరుకున్నాను.

నాలుగో రోజుకు సున్నం పొరలు పొరలుగా లేచింది. పక్కింటి అత్తమ్మ వాళ్ల డాబా మీద బట్టలు ఆరేస్తూ మా వైపు చూసింది.

"ఏందొదినె, గింత జల్ది అప్పడాలు పెట్టిన్రు?"

అవ్వ నవ్వింది కానీ బాపు నవ్వలేదు. సాయంత్రం చీపురుతో ఆ పెళ్లలన్నీ ఊడ్చి మూటగట్టాడు. ఇక ఈ పని వద్దని, మామకు ఫోన్ చేస్తానని అన్నాడు. ఆ మాట వినగానే వెళ్లి ఆయనకు ఎదురుగా నిలబడ్డాను.

"బాపూ, ఇంకోసారి ఏద్దాం. గంజి వద్దు."

ఆయన చీపురు పక్కన పెట్టి నన్ను చూశాడు.

"గీ మాట ఆనాడే ఎందుకనలే బిడ్డా?"

కోప్పడతాడనుకున్నాను, కోప్పడలేదు. ఇంకా ఏమేం రాసి ఉందో చెప్పమని ట్యాంకు పక్కన కూర్చున్నాడు. ఆ రోజు ఆయన కసిరి ఉంటే నేను మళ్లీ నోరు తెరిచేదాన్ని కాదేమో. అలా కూర్చున్నందుకు ఇవాళ్టికీ మనసులో ఆయనకు దండం పెట్టుకుంటాను.

మరునాడు పెయింట్ల దుకాణంలో జిగురూ తెల్ల సిమెంటూ తెచ్చాడు. పాచి గీకి, స్లాబు కడిగి, తడి మీద ఒక పూత, ఆరాక ఇంకో పూత వేశాం. వెంటిలేటర్లలో గుడ్డలు నేనే స్టూలెక్కి పీకేశాను. దారం తెగుతుందని అవ్వ భయపడింది. తెగలేదు. గాలి తలల పైనుంచే పోయింది.

గది చల్లబడిందని అనను. మా ఎండలు మా ఎండలే. కానీ మధ్యాహ్నం తలెత్తితే మొహానికి సెగ కొట్టడం లేదు. అవ్వ పన్నెండింటికి లేచి, అదే గదిలో గచ్చు మీద పడుకుని, నాలుగింటికి మళ్లీ మిషను ముందు కూర్చుంటోంది. ఒంటి మీద చెమటకాయలు కూడా తగ్గాయి.

మే నెల నడుమ మామ చెప్పాపెట్టకుండా వచ్చాడు. నీళ్లు తాగి, స్టూలెక్కి, అరచెయ్యి స్లాబుకు ఆనించి చూశాడు. అన్నం తిని, కాసేపు నడుం వాలుస్తానని అదే గదిలో అవ్వకు అవతలి గోడ పక్కన పడుకున్నాడు. మిషను చప్పుడుకు లేచేసరికి నాలుగు దాటింది.

"బట్టలు సదురుకోలేదా అక్కా?"

"మిరుగం దాటి వానలు పడ్డంక వస్త తీ తమ్మీ. నాలుగొద్దులుండి వస్త, సుట్టాలోలె. నా బిడ్డను గూడ తోల్కొస్త."

మామ నా వైపు చూసి, ఆ పత్రికలోది తనకూ ఒక కాగితం మీద రాసిమ్మన్నాడు. రాసిచ్చాను. దాన్ని మడిచి జేబులో పెట్టుకుని, ఒక్కడే బస్టాండుకు పోయాడు.